పిడికిలి ఒక్కటే చాలదు, బరి కావాలె

(అన్నోజిగూడలో యువజనుల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



అక్కలారా, అన్నలారా, తెల్లారకముందే వరంగల్ రోడ్డు పక్కన పరుగు తీసి వచ్చి ఇక్కడ కూర్చున్న తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా!

నన్ను బాక్సింగ్ గురించి మాట్లాడమన్నరు. నేను లెక్కల పంతుల్ని. బరిలోకి ఏనాడూ దిగినోణ్ని కాదు. అయితే మా ఇంట్లో నాకంటే ముందు కాలేజీ గడప తొక్కినోళ్ళు లేరు. అందుకే ఒక మనిషి పైకి పోతుంటే ఏ మెట్టు మీద ఎవరు అడ్డం నిలబడ్డరో చూసే అలవాటు నాకు చిన్నప్పటి నుంచే ఉన్నది. పేపర్లల్ల గెలిచిననాటి ఫోటో వేస్తరు. దానికి ముందు ఏ తలుపు మూసిండ్రు, దాన్ని ఎవరు నెట్టి తెరిచిండ్రు అన్నది లోపలి పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉంటది. ఈరోజు ఆ చిన్న అక్షరాలు చదువుదాం.

నిఖత్ జరీన్ పేరు మీకందరికీ తెలుసు. నిజామాబాద్ పిల్ల. 1996లో పుట్టింది. నలుగురు ఆడపిల్లల్లో మూడోది. తండ్రి జమీల్ అహ్మద్ ఆటలంటే ప్రాణమున్న మనిషి, బతుకుదెరువుకు సౌదీకి పోయి వచ్చినాయన. మొదట ఆ పిల్ల పరుగు పందేల్లో ఉండేది. బాక్సింగ్‌లో ఆడపిల్లలు ఎందుకు లేరని తండ్రిని అడిగింది. ఊళ్ళో శంసముద్దీన్ అనే కోచ్ ఉన్నరు. ఆయన దగ్గర మగపిల్లలతో కలబడి నేర్చుకున్నది. మొదటి రోజుల్లోనే కన్ను కమిలి, ముక్కు పగిలి ఇంటికొస్తే తల్లి గుండె గుభేలుమన్నది. ఇట్లయితే నిన్నెవరు చేసుకుంటరే అన్నది. పొట్టి బట్టలేసుకుని ఆడడమేందని చుట్టుపక్కలోళ్ళు సణిగిండ్రు. తండ్రి వాళ్ళ మాట పక్కకు పెట్టిండు. 2009లో విశాఖపట్నంలోని సాయ్ కేంద్రంలో ఐ.వి. రావు దగ్గర శిక్షణలో చేరింది. 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ చాంపియన్ అయ్యింది. నిండా పదిహేనేళ్ళు కూడా లేవు.

ఆ తర్వాత ఏమైంది? పదకొండేండ్ల దాకా మనలో చాలామందికి ఆ పేరు వినపడలేదు. 2017లో భుజం దెబ్బతిని ఆపరేషన్ అయ్యింది, ఏడాది పోయింది. అది శరీరానికి తగిలిన దెబ్బ, మందులతో మానింది. ఇంకొకటి ఉన్నది. దాని గురించే ఎక్కువ చెప్పాల్సి ఉంది.

2019లో ప్రపంచ పోటీలకు జట్టును ఎంపిక చేస్తున్నరు. 51 కిలోల తూకంలో ట్రయల్ బౌట్ పెట్టాలె. ఆగస్టులో ఆమె ఆడాల్సిన ట్రయల్ జరగనివ్వలేదు. మేరీ కోమ్‌ను పాత ఘనత చూసి పంపించిండ్రు. మేరీ కోమ్ కంచు పతకం తెచ్చింది. దాంతో ఒలింపిక్ అర్హత పోటీలకు కూడా ట్రయల్ లేకుండా ఆమెనే పంపాలన్న ఆలోచన బయటికొచ్చింది. అప్పుడు ఈ 23 ఏండ్ల పిల్ల క్రీడల మంత్రికి ఉత్తరం రాసింది. నన్ను పంపండి అని రాయలేదు, గమనించండి. నాకు ఒక బౌట్ ఇవ్వండి అని రాసింది. 23 ఒలింపిక్ బంగారు పతకాలున్న ఈతగాడు ఫెల్ప్స్ కూడా ప్రతిసారీ అర్హత పోటీలో ఈదే పోయిండు కదా అని గుర్తు చేసింది. ఇదొక్కటే అడిగితే ఎంత గోల! ఎవరీ నిఖత్ అన్నరు. పెద్దవాళ్ళ మీద గౌరవం లేదన్నరు. పేరు కోసం అన్నరు. ఈ మాటలు మనకు కొత్తనా? చేతులు కట్టుకొని నిలబడాల్సినోళ్ళు ప్రశ్న అడిగితే ముందుగా వినపడేది అహంకారం అన్న మాటే.

మేరీ కోమ్‌ను నేనిక్కడ ఒక్క మాట అనను. మణిపూర్‌లో కోమ్ తెగ బిడ్డ, కూలి చేసుకునే రైతుల బిడ్డ, ఆరుసార్లు ప్రపంచ విజేత, పిల్లల్ని కని మళ్ళీ బరిలోకి వచ్చిన తల్లి. ఆమె కూడా మన మనిషే. మన ఇద్దరు మనుషుల మధ్యన ఒకే ఒక్క కుర్చీ వేసి మీరూ మీరూ తేల్చుకోండి అని చూస్తూ కూర్చున్నోళ్ళు వేరే ఉన్నరు. వాళ్ళ సంగతి మాట్లాడాలె.

చివరికి ట్రయల్ పెట్టక తప్పలేదు. 2019 డిసెంబర్ 28న ఢిల్లీలో బౌట్ జరిగింది. నిఖత్ 1–9తో ఓడిపోయింది. తెలంగాణ వాళ్ళు కొందరు హాల్లోనే గొడవకు దిగిండ్రు. గెలిచినామె చేయి కలపలేదు. పేపర్లు ఆ చేయి సంగతే వారం రోజులు రాసినయి. నాకైతే ఆరోజు పెద్ద వార్త ఆ ఓటమే. ఎందుకంటరా? ఓడే హక్కు కూడా కొట్లాడి తెచ్చుకోవాల్సి వచ్చింది గనుక. బరిలో ఓడితే ఎక్కడ తక్కువయ్యామో తెలుస్తది, ఇంటికొచ్చి దాన్ని దిద్దుకుంటం. బరి దాకా రానివ్వకపోతే ఏం దిద్దుకోవాలె? మన పిల్లలెందరో ఓడిపోలేదు, వాళ్ళను ఆడనివ్వలేదు. రికార్డుల్లో ఇద్దరూ ఒక్క తీరే కనపడతరు.

ఆ దిద్దుబాటు ఫలితం 2022లో వచ్చింది. ఫిబ్రవరిలో బల్గేరియాలో స్ట్రాంజా పోటీల్లో టోక్యో వెండి పతకధారిణిని ఓడించి బంగారం తెచ్చింది. మే 19న ఇస్తాంబుల్‌లో థాయిలాండ్ బాక్సర్ జిత్‌పాంగ్ మీద 5–0తో ప్రపంచ చాంపియన్. మరుసటి ఏడాది ఢిల్లీలో మళ్ళీ చాంపియన్. 2024 పారిస్‌లో రెండో బౌట్‌లోనే చైనా బాక్సర్ వు యు చేతిలో ఓడిపోయింది. 50 కిలోలకు దిగడానికి తిండీ నీళ్ళూ మానుకోవాల్సి వచ్చిందని ఏడ్చుకుంట చెప్పింది. అదే ఏడాది తెలంగాణ పోలీసు శాఖలో డీఎస్పీగా చేరింది. 2025లో వరల్డ్ బాక్సింగ్ కప్ ఫైనల్స్‌లో మళ్ళీ బంగారం.

ఇక్కడ మీలో ఒకరు లేచి నన్ను అడగొచ్చు: సారూ, ట్రయల్ కావాలంటున్నరు, మరి రిజర్వేషన్ కూడా కావాలంటున్నరు, ఇదేం లెక్క అని. మంచి ప్రశ్న. బాక్సింగ్‌లోనే జవాబుంది. ముందు తూకం, ఆ తర్వాత బౌట్. 50 కిలోల మనిషిని 90 కిలోల మనిషి ముందు నిలబెట్టి ఇక మెరిట్ తేల్చుకోండి అనరు. 1909లోనే లండన్‌లో కూర్చొని ఎనిమిది తూకాలు రాసుకున్నరు. సమానం కానోళ్ళ మధ్య పోటీ పెడితే అది పోటీ కాదు, కొట్టడం అని వాళ్ళకు వందేళ్ళ కిందనే అర్థమైంది. నిఖత్ పతకాన్ని కోటా పతకం అని ఏ మేధావన్నా అన్నడా? అనలేదు. తూకం రాయి కంటికి కనపడుతది కాబట్టి. తాతముత్తాతలు నెత్తిన పెట్టిన బరువు ఏ కాటాకూ ఎక్కదు, అదీ తేడా. తూకం ఒప్పుకోవడం, ట్రయల్ అడగడం, రెండూ ఒకే మాట. పేరు చూసి, ఇల్లు చూసి పంపే పద్ధతి మాకొద్దు అన్న మాట.

సరే, చిన్న తూకాల సంగతి విన్నరు. మరి పెద్ద తూకం, హెవీ వెయిట్ ఏది? మన దిక్కు నుంచి ప్రపంచానికి తెలిసిన హెవీ వెయిట్ ఒక్కడన్నా ఎందుకు లేడు? నిఖత్ అట్లనే, శంసముద్దీన్ కొడుకు హుసాముద్దీన్ అట్లనే, ఇద్దరూ తక్కువ తూకాలోళ్ళే. హుసాముద్దీన్ 2023లో ప్రపంచ పోటీల్లో కంచు తెచ్చింది 57 కిలోల్లో.

హెవీ వెయిట్ అంటే మొదట తిండి, తమ్ముడూ. మన దేశంలో పేరున్న హెవీ వెయిట్ ఇద్దరిని చూడండి. కౌర్ సింగ్ పంజాబ్‌లో సంగ్రూర్ జిల్లా రైతుబిడ్డ. సైన్యంలో చేరినాకనే గ్లౌజులు తొడిగిండు. 1980 జనవరిలో ఢిల్లీలో మహమ్మద్ అలీతో నాలుగు రౌండ్లు ప్రదర్శన బౌట్ ఆడిండు. 1982 ఏషియాడ్‌లో హెవీ వెయిట్ బంగారం. రెండోవాడు సతీశ్ కుమార్, బులంద్‌షహర్ రైతుబిడ్డ, ఆయనా సైనికుడే. ఒలింపిక్స్‌లో సూపర్ హెవీ వెయిట్‌కు అర్హత పొందిన మొదటి భారతీయుడు. 2021లో టోక్యోలో మొహానికి 13 కుట్లతో దిగి, గెలవలేనని తెలిసి కూడా చివరి గంట దాకా నిలబడ్డడు. ఇద్దరూ సైన్యంలోనే పెద్దవాళ్ళయిండ్రు, ఎందుకు? అక్కడ మెస్ ఉంది, మూడు పూటల కడుపు నిండుతది, నెల తిరిగితే జీతం వస్తది, పొద్దున ప్రాక్టీసు చేసి మధ్యాహ్నం మూటలు మోయనక్కరలేదు.

మా బడిలో గుడ్డు పెట్టే రోజు హాజరు పెరుగుతది. హెవీ వెయిట్ లెక్క అక్కడ మొదలైతది. పెద్దకూర తిన్నోళ్ళని ఎక్కిరించిన నోళ్ళే ఇయ్యాల జిమ్ముల్లో వేలు పోసి ప్రోటీన్ డబ్బాలు కొంటున్నయి, అది వేరే సంగతి.

కౌర్ సింగ్ కథ అంతటితో అయిపోలేదు. అర్జున, పద్మశ్రీ ఇచ్చిండ్రు. బంగారానికి లక్ష రూపాయలు ఇస్తమని పంజాబ్ ప్రభుత్వం చెప్పింది. ఆ లక్ష మూడు దశాబ్దాలు దాటినాక చేతికొచ్చింది. అదీ ఆయన గుండె జబ్బు మందులకు అప్పు చేసిండని పేపర్లల్ల వచ్చినాకనే. 2023 ఏప్రిల్‌లో చనిపోయిండు.

నాచారం దిక్కు నాకు తెలిసిన పిల్లగాడు ఒకడున్నడు, నా దగ్గరే చదివిండు. 94 కిలోలు. కంపెనీలో లోడింగ్ పని. ఫోన్‌లో పాత కె–వన్ బౌట్లు చూస్తడు. కె–వన్ అంటే 1993లో జపాన్‌లో మొదలైన కిక్ బాక్సింగ్ పోటీ. నాలుగుసార్లు దాన్ని గెలిచిన ఎర్నెస్టో హూస్ట్ అంటే వానికి దేవుడు. హూస్ట్ నెదర్లాండ్స్‌లో పెరిగిన సురినామ్ నల్లజాతి కుటుంబపు బిడ్డ. మంచిదే, చూడనీ. మూడేండ్లు ఒక మాస్టర్ దగ్గర కిక్ బాక్సింగ్ నేర్చిండు. బెల్టుకింత, సర్టిఫికెట్‌కింత, టోర్నమెంటుకింత అని కట్టిండు. గోడ నిండా జాతీయ స్థాయి సర్టిఫికెట్లే. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగానికి పోతే అవి చెల్లవన్నరు, ఆ సంఘానికి గుర్తింపు లేదన్నరు. మూడేండ్ల చెమట చిత్తుకాగితమైంది.

కిక్ బాక్సింగ్ తప్పని నేననను. కాలు వాడేది, మోకాలు వాడేది, గట్టి విద్య. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2021లో వాకో అనే దాని ప్రపంచ సంఘానికి పూర్తి గుర్తింపు ఇచ్చింది. గుర్తింపు వేరు, ఒలింపిక్స్‌లో ఆట ఉండడం వేరు. ఇప్పటిదాకా అది ఒలింపిక్ ఆట కాలేదు. బాక్సింగ్ అయితే 2028 లాస్ ఏంజెలెస్‌లో ఉంది. కాబట్టి రూపాయి కట్టకముందు మాస్టర్‌ను అడగండి: నీ సంఘం ఏ సంఘం కింద ఉంది? కోటా జాబితాలో ఈ ఆట ఉందా? కాగితం చూపియ్ అని. కోపమొస్తే రానీయండి. ఏకలవ్యుడు ఏమీ అడగకుండా బొటనవేలు ఇచ్చిండు. బొటనవేలు లేకుంటే పిడికిలే కట్టరాదు, గ్లౌజు తొడిగినోళ్ళకు ఇది వేరే చెప్పాలా?

ఉప్పల్‌లో అంత పెద్ద క్రికెట్ స్టేడియం ఉంది. వద్దనను. కానీ దాని గోడ పక్కనుంచి రోజూ పనికి పోయే పిల్లలకు ఒక ఇసుక బస్తా వేలాడదీసేంత జాగా అడిగితే ఫైలు కదలదు. అందుకని యువజనులు ఒక దరఖాస్తు రాసిండ్రు, జిల్లా యువజన క్రీడల అధికారికి. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా బడి మైదానం తెరవాలె. వారానికి మూడు రోజులు ఆడపిల్లలకు మొదటి గంట ఇవ్వాలె. గుర్తింపున్న కోచ్‌ను పంపాలె. జిల్లా ట్రయల్స్ తేదీ పదిహేను రోజుల ముందు ప్రతి సర్కారు బడి నోటీసు బోర్డు మీద తెలుగులో అంటించాలె. ఈ చివరిది నేను చేర్పించిన, ఎందుకంటే తేదీ అయిపోయినాక ట్రయల్ జరిగిందని తెలియడం మన పిల్లలకు అలవాటయింది.

కాగితం ఆ బల్ల మీద ఉంది. సంతకం పెట్టేముందు చదవండి. చదువు రాని అమ్మలుంటే పక్కనున్న పిల్లలు పూర్తిగా చదివి వినిపించండి, మధ్యలో ఆపకండి.