వియన్నాలో ఆస్తి తగాదా – మద్రాసులో యుద్ధం
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇంటర్ వరకే చదివినవాణ్ణి. చరిత్ర పండితుణ్ణి కాను. మద్రాసు పోస్టింగులో ఉన్నప్పుడు సెయింట్ జార్జి కోట చూసి ఒక అనుమానం వచ్చింది. 1746లో ఫ్రెంచివాళ్ళు ఈ కోటను పట్టుకున్నారు కదా, మరి ఎందుకు వదిలేశారు? కూపీ లాగితే అది యూరపులో ఒక రాజుగారి ఇంటి గొడవ దాకా పోయింది.

ఆ ఇల్లు హాబ్స్‌బర్గ్ వంశం. వాళ్ళు కత్తితో కంటే పెళ్ళిళ్ళతోనే ఎక్కువ రాజ్యం సంపాదించారు. నెదర్లాండ్స్, స్పెయిన్, హంగరీ అన్నీ చాలావరకు కోడళ్ళ వెంట వచ్చినవే. వచ్చింది బయటికి పోకూడదని మళ్ళీ మేనరికాలు. మనవైపు అక్క కూతుర్ని చేసుకుంటారు చూడండి, స్పెయిన్ రాజు నాలుగో ఫిలిప్ సొంత చెల్లెలి కూతుర్ని చేసుకున్నాడు. తరతరాలుగా అదే వరస. వాళ్ళకు పుట్టిన రెండో చార్లెస్ జన్మంతా రోగిష్టి. 1700లో పిల్లల్లేకుండా పోయాడు. ఆ సింహాసనం కోసం పదమూడేళ్ళు యూరపంతా కొట్టుకుంది.

అది కళ్ళారా చూసినవాడు ఆస్ట్రియా చక్రవర్తి ఆరో చార్లెస్. కొడుకు లేకపోతే రాజ్యం మొత్తం కూతురికే అని 1713లో శాసనం రాశాడు. మన భాషలో నెక్స్ట్ ఆఫ్ కిన్ నామినేషన్ అన్నమాట. తర్వాత పుట్టిన ఒక్క కొడుకూ పసితనంలోనే పోయాడు. ఇక మిగతా రాజుల చేత దాని మీద ఒప్పందాలు చేయించుకోవడానికే ఏళ్ళకేళ్ళు తిరిగాడు. కాగితం ఎంత గట్టిదైనా, మనిషి పోయాకే దాని సంగతి తెలిసేది. నామినేషన్ మార్చుకోని మా జవాను ఒకడు పోతే, తల్లికీ భార్యకీ మధ్య ఏం జరిగిందో నేను దగ్గరుండి చూశాను. ఇక్కడ కాగితం సరిగానే ఉంది, ఒప్పుకున్నవాళ్ళే మాట తప్పారు.

1740 అక్టోబరులో చార్లెస్ పోయాడు. కూతురు మరియా థెరీసాకు 23 ఏళ్ళు, కడుపుతో ఉంది. ఖజానా ఖాళీ. డిసెంబరులోనే ప్రష్యా రాజు ఫ్రెడరిక్ సైలీషియాలోకి సైన్యం నడిపాడు. ఒప్పందం చేసుకున్న ఫ్రాన్సు కూడా ఆమె శత్రువుల పక్షం చేరింది. ఇంగ్లండు ఆమె వైపు. 1744 నాటికి ఫ్రాన్సు, ఇంగ్లండు నేరుగా యుద్ధానికి దిగాయి. ఆ మంట మన కోరమాండల్ తీరానికీ అంటుకుంది.

1746 సెప్టెంబరులో మద్రాసు ఫ్రెంచివాళ్ళ చేతికి వచ్చింది. ఆర్కాటు నవాబు అన్వరుద్దీన్ తన కొడుకుతో పెద్ద సైన్యాన్ని పంపాడు. అక్టోబరులో అడయారు ఒడ్డున వెయ్యిమంది కూడా లేని ఫ్రెంచి దళం వాళ్ళను చెదరగొట్టింది. ఆ దళంలో మన సిపాయిలూ ఉన్నారు. వరస తప్పకుండా నిలబడి, ఆర్డరు మీద కాల్చడం, అంతే కిటుకు. డ్రిల్లు అంటే విసుక్కునేవాళ్ళకు నేను ఈ కథే చెప్పేవాణ్ణి.

1748లో సంధి కుదిరింది. మద్రాసు ఇంగ్లీషువాళ్ళకు తిరిగి ఇచ్చారు. బదులుగా ఫ్రెంచివాళ్ళకు ఉత్తర అమెరికాలో లూయీబర్గ్ అనే కోట దక్కింది. సైలీషియా మాత్రం ప్రష్యాకే ఉండిపోయింది.

అడయారు ఒడ్డున రెండు వైపులా పడిపోయిన మన సిపాయిల పేర్లు నేను చదివిన ఏ పుస్తకంలోనూ దొరకలేదు. వియన్నాలో ఒక ఆడపిల్ల తండ్రి ఆస్తి కోసం పోరాడుతోందని వాళ్ళలో ఒక్కడికైనా తెలిసి ఉంటుందా?

జై హింద్.