ఆటిజముగల పిల్లలు - ఈత

మా పెరటిగోడ కావల గోదావరి పంటకాలువ పారుచున్నది. మా కుమారుడు ఆరేండ్లవాడై యున్నపుడు ఒకనాటి మధ్యాహ్నము ఇంట గనబడలేదు. వాడు పిలిచినను పలుకడని యెరిగియు, పేరుపెట్టి పిలుచుచు వీధులన్నియు వెదకితిమి. వాడు కాలువరేవున మొలలోతు నీటిలో నిలిచి, మెరయుచున్న అలలను చేతితో తట్టుచు నవ్వుచుండెను. బట్టలుతుకుచున్న పొరుగింటి యిల్లాలు చూచి, పట్టి తెచ్చినది.

శ్రోతలారా, మా బిడ్డకు ఆటిజము కలదు. ఇది వెఱ్ఱి కాదు. తల్లిదండ్రుల పెంపకమందలి లోపమును గాదు. 1943లో లియో కానర్ అను వైద్యుడు పదునొకండుగురు పిల్లల ప్రవర్తనను వర్ణించి దీనిని లోకమునకు తెలిపెను. మన దేశమున 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము దీనిని పేర్కొన్నది. ఇట్టి పిల్లలలో పలువురకు మనసులోని మాట చెప్పుటయు, అపాయము నూహించుటయు కష్టము. నీరన్ననో పలువురకు మిక్కిలి మక్కువ. 2012లో అమెరికాలో వెలువడిన యొక పరిశోధనలో, నాలుగేండ్లు దాటిన యిట్టి పిల్లలలో సుమారు సగముమంది ఒకసారియైనను చెప్పకుండ వెడలిపోవ యత్నించిరని తల్లిదండ్రులు తెలిపిరి. ఆ వెడలినవారి కెదురగు అపాయములలో నీరు ముఖ్యమైనది.

మునుగువాడు కేకలు వేయునని మనము తలంతుము. ఊపిరికే తావులేనివానికి కేక యెక్కడిది? పెక్కుమారులు మునుగుట నిశ్శబ్దముగనే జరుగును.

కావున ఈత నేర్పింప నిశ్చయించితిమి. మా బాల్యమున ఎండిన సొరకాయలు నడుమునకు గట్టి బావిలోనికి త్రోసెడివారు. ఇట్టి బిడ్డకు ఆ పద్ధతి పనికిరాదు. ఒకసారి బెదరినచో ఆ బెదురు ఏండ్లు నిలువవచ్చును. పట్టణమున ఈతకొలనులో మాకు దొరికిన గురువు ఓర్పుగలవాడు. సందడిలేని వేళ, రోజు నొకే గంటకు రమ్మనెను. మాటలు తగ్గించి బొమ్మలు చూపెను. చేతులాడించుటకు ముందు బయటికి వచ్చుట నేర్పెను: నీటిలో పడిన వెంటనే వెనుదిరుగుట, గట్టు పట్టుకొనుట, మెట్లెక్కుట. పిమ్మట వెల్లకిల తేలుట. కొన్ని నెలలకు, ఒడ్డున మనుష్యులుండగా, మామూలు దుస్తులతో గూడ అదియే చేయించెను. కాలుజారి పడువాడు ఈతదుస్తులు ధరించి పడడు గదా!

ఇంతలో నాకొక పాఠము తెలిసినది. కొలను మెట్లకడ "ఆగు" మన్నంతనే ఆగు మా బిడ్డ, కాలువరేవున ఆగలేదు. ఒకచోట నేర్చినది మరియొకచోట వర్తించునని ఇట్టి పిల్లలు పలువురు తమంత గ్రహింపరు. అందుచే చేయి విడువక, రేవుకడ ఆ మాటను మరల మొదటినుండి నేర్పితిమి.

నేడు వాడు చక్కగా ఈదును. అయినను పెరటితలుపునకు వాని కందని యెత్తున గడియ అట్లే యున్నది. ఈత కాపలాకు తోడేగాని మారు కాదు. బిడ్డ కనబడనిచో మొదట నీటిచెంత వెదకుడు; వీధులు పిదప.

మీ యూర నిట్టి బిడ్డ యున్నచో వాని పేరు, మొగము ఎరిగి యుండుడు. ఆనాడు మా వానిని కాపాడినది ఈత గాదు, వాని నెరిగిన పొరుగింటి యిల్లాలు.