మాత్ర మానొద్దు, డాక్టర్‌కి చెప్పండి

మైపాడు, జువ్వలదిన్నె, తుమ్మలపెంట తీరాన వింటున్న అన్నలకు, అక్కలకు ఒక మాట.

కాలేయానికి వచ్చే హెపటైటిస్ సి‌కి ఒకప్పుడు ఇంటర్‌ఫెరాన్ సూదులు వేసేవారు. చలిజ్వరం, ఒళ్లునొప్పులు, దిగులు. తట్టుకోలేక కొందరు మధ్యలోనే మానేసేవారు. ఆ భయం ఇప్పుడు అక్కర్లేదు. మాత్రలొచ్చాయి. చాలామందికి మూడు నెలల్లో నయమవుతుంది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ చికిత్సా కేంద్రాల్లో ఉచితంగా ఇస్తారు.

వీటితోనూ కొందరికి నీరసం, తలనొప్పి, వికారం వస్తాయి. ఎక్కువమందికి తేలిగ్గానే పోతాయి. వికారంగా ఉంటే కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు తినండి. కారం, నూనె తగ్గించండి. వేటకు వెళ్లే అన్నలూ, మాత్రలు తడవని డబ్బాలో పెట్టుకోండి. రోజూ ఒకే వేళకు వేసుకోండి. తలనొప్పికైనా, గ్యాస్‌కైనా సొంతంగా మరో మాత్ర వేసుకోవద్దు. మాత్ర మానొద్దు, డాక్టర్‌కి చెప్పండి.

నేల ఉసిరి పసరు తాగమని ఇంట్లో పెద్దవాళ్లు ప్రేమతోనే చెబుతారు. అయినా డాక్టర్‌ని అడగకుండా ఏ పసరూ తాగొద్దు. కొన్ని ఆకుమందులు కాలేయాన్నే దెబ్బతీస్తాయి. మద్యం ఒక్క చుక్కా వద్దు.

హెపటైటిస్ బి సంగతి వేరు. దానికిచ్చే మాత్రలు చాలామంది ఏళ్ల తరబడి వాడాలి. ఒంట్లో బాగుందని ఆపేస్తే వైరస్ మళ్లీ విజృంభించవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. సొంతంగా ఆపొద్దు.

కళ్లు పచ్చబడినా, పొట్ట ఉబ్బినా, మనిషి తికమకగా మాట్లాడినా, నెత్తురు వాంతి అయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. వాడుతున్న మందులన్నీ సంచిలో వెంట తీసుకెళ్లండి.