సంకల్పమూ స్మృతీ



చరిత్ర అధ్యాపకుణ్ని కనుక జరిగినదాన్ని గుర్తుంచుకోవడం గురించే నిత్యం మాట్లాడుతుంటాను. నేడు చేయవలసినదాన్ని గుర్తుంచుకోవడం గురించి మాట్లాడదలచాను.

1935 అక్టోబర్ 13న యేవలాలో బాబాసాహెబ్ అంబేడ్కర్ తాను హిందువుగా మరణించబోనని ప్రకటించారు. అప్పటికి ఆయన వయసు 44. నాగపూర్‌లో దీక్ష స్వీకరించినది 1956 అక్టోబర్ 14న, 65 ఏళ్ళ వయసులో. నాటి ఆవేదన ఎంత తీవ్రమైనదైనా, అదొక్కటే 21 సంవత్సరాలు ఆ సంకల్పాన్ని నిలిపిందనలేము. ఎడతెగని అధ్యయనం, 1950లో కొలంబో, 1954లో రంగూన్ బౌద్ధ మహాసభలు, గ్రంథరచన దానిని మళ్ళీ మళ్ళీ మేల్కొలిపాయి.

ఈ విషయాన్ని మనస్తత్వ శాస్త్రజ్ఞులూ పరిశీలించారు. చేయదలచిన పనిని సమయానికి గుర్తుతెచ్చుకోవడంలో, ప్రయోగశాలలో సాధారణంగా యువకులదే పైచేయి. నిత్యజీవితంలో మాత్రం పెద్దలు వారికి తీసిపోరు. పలుమార్లు మించిపోతారు కూడా. గుర్తుచేసే సూచన మనసును కదిలించేదైతే పెద్దలకు మేలు కలిగినట్లు కొన్ని పరిశోధనల్లో తేలింది. అయితే ఫలితాలన్నీ ఒకే తీరుగా లేవు. గమనించవలసినది ఒకటుంది. అక్కడ భావావేశం ఉన్నది సంకల్పించిన క్షణంలో కాదు, పని చేయవలసిన వేళ ఎదురుపడే సూచనలో. మనం పొరబడేది ఇక్కడే.

నా తప్పే చెబుతాను. ఒక వైశాఖ పూర్ణిమనాడు, కళ్ళు చెమర్చగా, ప్రతి ఆదివారం మా వాడ పిల్లలకు పాఠం చెబుతానని సభలో మాట ఇచ్చాను. రెండవ ఆదివారమే మరచిపోయాను. సాయంత్రం పరుగున వెళ్ళేసరికి డెబ్బై దాటిన ఒక ఉపాసిక విహారం తలుపు తెరిచి, చాపలు పరచి, పిల్లలను కూర్చోబెట్టి ఉంది. “నీకెలా గుర్తుంది, పెద్దమ్మా?” అన్నాను. “గుర్తేముంది నాయనా! తాళంచెవి కొంగుకు కట్టుకున్నాను. ముడి చేతికి తగిలినప్పుడల్లా పిల్లల ముఖాలే కనబడతాయి” అంది.

పాలీలో ‘సతి’ అన్న మాటకు మూలార్థం స్మరణమే. దీక్షనాడు 22 ప్రతిజ్ఞలు పలికేటప్పుడు మన కంఠం గద్గదమవుతుంది. ఆ గద్గదస్వరం మరునాటికి ఉండదు. అందుచేత యువ మిత్రులారా, మీ ప్రతిజ్ఞకు ఒక వేళను, ఒక చోటును, ఎదురుచూసే ఒక మనిషిని జతచేయండి. పెద్దలారా, కొంగుముడి కట్టే నేర్పు మాకూ నేర్పండి.

నమో బుద్ధాయ! జై భీమ్!