జ్వరం దిగిందని నిశ్చింతగా ఉండకండి

బీపీ, షుగరు గురించి మన సభల్లో చాలామంది చెప్పారు. నేను పేగుల గురించి చెబుతాను. తిరుపతిలో సర్జికల్ వార్డు నర్సుగా పనిచేసినదాన్ని, నాకు బాగా తెలిసింది అదే.

టైఫాయిడును మన పెద్దలు సన్నిపాత జ్వరమనేవారు. కలుషితమైన నీటితో, తిండితో లోపలికి పోయిన క్రిమి చిన్నపేగు చివరి భాగంలో తిష్ఠ వేస్తుంది. సరైన మందు పడకపోతే అక్కడ పుండ్లు పడతాయి. సాధారణంగా 3వ వారంలో ఆ పుండు నుంచి రక్తం పోవచ్చు, లేదా పేగుకు చిల్లు పడవచ్చు. చిల్లు చిన్నదే, కానీ పేగులోని మలినమంతా కడుపులోకి చిమ్ముతుంది.

ఒకసారి మా వార్డుకు ఒక కుర్రవాణ్ణి తెచ్చారు. ఉదయం ఒళ్లు చల్లబడిందని వాళ్లమ్మ సంతోషించి గంజి తాగించిందట. సాయంత్రానికి కడుపు చెక్కలా బిగిసింది. ఒళ్లు చల్లగానే ఉంది, నాడి మాత్రం పరుగెడుతోంది. ఎక్స్‌రేలో పేగు బయట గాలి కనిపించింది. ఆ రాత్రే ఆపరేషన్ చేసి చిల్లు కుట్టారు, బతికాడు. తెల్లవారాక చూద్దామని ఆగి వచ్చినవారిలో అందరూ బతకలేదు.

మన వయసులో ఇంకో చిక్కు ఉంది. చిల్లు పడినా నొప్పి అంతగా తెలియకపోవచ్చు, స్టెరాయిడ్ మాత్రలు వాడేవారికి మరీను. అందుకే పొట్ట ఉబ్బినా, వాంతులవుతున్నా, గాలి కూడా పోకపోయినా, మనిషి మత్తుగా పడివున్నా ఇంట్లోవాళ్లు ఆలస్యం చేయకూడదు.

క్యూలో ఇబ్బంది రాకూడదని విరేచనాలు ఆపే లోపెరమైడ్ మాత్ర సంచిలో వేసుకొని కొండకు వచ్చేవారున్నారు. జ్వరంతో పాటు రక్తం, బంక పడుతుంటే దాన్ని ముట్టుకోవద్దు. షిగెల్లా వంటి క్రిమి పెద్దపేగును పుండు చేసినప్పుడు దాని కదలిక ఆపేస్తే, పేగు బెలూనులా ఉబ్బి చిరిగే ప్రమాదముంది. విరేచనాలు కట్టాయి కదా అని మనం సంబరపడుతుంటాం, పొట్ట మాత్రం పెరుగుతుంటుంది. యాంటీబయాటిక్ మానేసిన కొన్ని వారాలకు మొదలయ్యే విరేచనాలను కూడా తేలిగ్గా తీసుకోకండి. పాత మందుల చీటీ డాక్టరుగారికి చూపండి.

తిరుమలలో ఉండగా ఇలాంటిది వస్తే అశ్విని ఆసుపత్రికి వెళ్లండి. కొండ దిగమంటే దర్శనం టిక్కెట్టు వంక చూడకుండా దిగండి. కింద రుయా ఉంది, 1993 నుంచి స్విమ్స్ ఉంది. ఆపరేషన్ అవసరం కావచ్చు కాబట్టి దారిలో నోటికేమీ ఇవ్వకండి, మన కాఫీతో సహా.

మనవల విషయం ఒకటి. హైదరాబాదులో తయారయ్యే టైఫాయిడ్ టీకా ఒకదానికి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు వచ్చింది. 6 నెలలు నిండిన పిల్లలకూ వేయవచ్చు. పిల్లల డాక్టరును అడగండి. ఇక మీ ప్రశ్నలేమైనా ఉంటే భోజనాల దగ్గర మాట్లాడుకుందాం.