చదివారు గానీ మాట్లాడలేదు: ఫీడ్ నుంచి కామెంట్ ఎలా వస్తుంది?

సింహాచలం కొండ కింద నుంచి మళ్లీ వచ్చేశాను. ఈ ఎపిసోడ్ ముఖ్యంగా ఏదో ఒకటి రాసి నెట్‌లో పెట్టేవాళ్ల కోసం. వీడియోలు చేసేవాళ్లు కూడా ఉండండి, మీకూ పనికొస్తుంది.

విషయం ఏంటంటే, మీరు రాసింది జనం చదువుతున్నారు, కౌంటర్‌లో నంబర్ పెరుగుతోంది. కానీ కింద ఒక్కరు కూడా ఒక్క ముక్క రాయట్లేదు. ఎందుకు?

"మనవాళ్లకి ఓపిక లేదు బ్రో, రీల్స్ అలవాటైపోయాయి" అంటారు చాలామంది. నేనొప్పుకోను. ఆ ఓపిక లేనివాళ్లే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో వాటర్ ట్యాంకర్ గురించి రాత్రి పన్నెండు దాకా కొట్టుకుంటారు. ఓపిక ఉంది. ఆ ఓపిక ఖర్చుపెట్టే చోటు మన దగ్గర లేదు, అంతే.

నాతో బీటెక్ చదివిన ఫ్రెండ్ ఒకడు అడవివరంలో ఉంటాడు. కొండ గురించి రాస్తుంటాడు: గంగధార, మాధవధార, సంపెంగలు, పనస, అనాస, ఇలాంటివి. ఆషాఢ పౌర్ణమి ముందు గిరి ప్రదక్షిణ మీద ఒక పోస్ట్ పెట్టాడు. తెలియని వాళ్లకి చెప్తున్నా, అది 32 కిలోమీటర్ల నడక. తొలిపావంచా దగ్గర మొదలుపెట్టి, అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక మీదుగా సముద్రం వైపు దిగి, వెంకోజీపాలెం, ఇసుకతోట, సీతమ్మధార, కంచరపాలెం, ఎన్ఏడీ, గోపాలపట్నం చుట్టి మళ్లీ తొలిపావంచాకి రావాలి. వాడు రూట్ మొత్తం బాగా రాశాడు. ఎక్కడ కాళ్లు పట్టేస్తాయో కూడా రాశాడు. కామెంట్లు సున్నా.

అసలు కథ తర్వాత తెలిసింది. వాడి అక్క ఒక స్క్రీన్‌షాట్ పంపింది. ఆ లింక్ గోపాలపట్నంలో ఒక ఆడవాళ్ల గ్రూప్‌లోకి వెళ్లింది. అక్కడ పెద్ద చర్చే జరిగింది. రాత్రి ఆడవాళ్లు టాయిలెట్‌కి ఎక్కడ ఆగొచ్చు, పిల్లాడు నడవలేకపోతే ఎక్కడ ఆటో దొరుకుతుంది, షుగర్ ఉన్న పెద్దావిడ ఏం తిని బయలుదేరాలి. పోస్ట్‌లో లేని సమాచారం అంతా అక్కడుంది. రాసినవాడు తప్ప అందరూ మాట్లాడుకున్నారు. మరుసటి ఏడాది నడిచే మనిషి ఆ పోస్ట్ తెరిస్తే ఇందులో ఒక్క ముక్కా దొరకదు.

ఇప్పుడు ఫీడ్ దగ్గరికొద్దాం. మీ సైట్‌కి ఒక ఫీడ్ ఉంటుంది. బ్లాగర్ అయినా వర్డ్‌ప్రెస్ అయినా మీరు అడక్కుండానే తయారవుతుంది. దాన్ని ఆర్ఎస్ఎస్ అంటారు. (ఇంట్లో ఈ మాట అంటే మా నాన్న వేరేలా అర్థం చేసుకుని రాజకీయం మొదలుపెట్టారు, అది వేరే సంగతి.) కొత్త పోస్ట్ పడగానే దాని పేరు, లింక్, రాసిన విషయం ఒక ఫైల్‌లోకి చేరతాయి. ఫీడ్లీ, ఐనోరీడర్ లాంటి యాప్‌లు ఆ ఫైల్‌ని చదివి మీ పాఠకుడి ఫోన్‌లో చూపిస్తాయి. పోస్ట్ పడగానే ఈమెయిల్ పంపే సర్వీసుల్లో, టెలిగ్రామ్ బాట్‌లలో చాలావరకు చదివేది కూడా దాన్నే. అంటే మీ పాఠకుల్లో కొందరు మీ సైట్‌కి అసలు రారు. మీ డిజైన్, మీ రంగులు, మీరు కష్టపడి పెట్టిన కామెంట్ బాక్స్, ఏవీ వాళ్లు చూడరు. వాళ్లకి మీ ఇల్లు అంటే ఆ ఫైలే. ఆ ఇంటికి తలుపు పెట్టారా లేదా?

ఆర్ఎస్ఎస్ 2.0 వచ్చింది 2002లో. అప్పుడే అందులో కామెంట్స్ అని ఒక ట్యాగ్ పెట్టారు, కామెంట్ల పేజీ అడ్రస్ రాయడానికి. వర్డ్‌ప్రెస్ ఫీడ్‌లో కామెంట్ల సంఖ్య చెప్పే స్లాష్ కామెంట్స్ అనే ఇంకో ట్యాగ్ కూడా ఉంటుంది. అంటే ఇరవై ఏళ్ల క్రితమే చోటు ఇచ్చారు. కానీ యాప్ ఆ ట్యాగ్‌ని చూపించాలన్న రూలేమీ లేదు. అందుకే ఆ ట్యాగ్ మీద ఆధారపడకండి. పోస్ట్ లోపలే, మామూలు వాక్యంలా, తలుపు పెట్టండి. బ్లాగర్‌లో సైట్ ఫీడ్ సెట్టింగ్స్‌లో పోస్ట్ ఫీడ్ ఫుటర్ అని ఉంటుంది. అక్కడ రాసింది ఫీడ్‌లో ప్రతి పోస్ట్ కిందా వస్తుంది. వర్డ్‌ప్రెస్‌లో ద కంటెంట్ ఫీడ్ అనే ఫిల్టర్ ఉంది, నాలుగు లైన్ల కోడ్. కోడ్ రాకపోతే ప్లగిన్లు ఉన్నాయి.

ఇక్కడ ఒక పాత గొడవ ఉంది. ఫీడ్‌లో పోస్ట్ మొత్తం ఇవ్వాలా, మొదటి నాలుగు లైన్లు ఇచ్చి "మిగతాది సైట్‌లో చదవండి" అనాలా? నాలుగు లైన్లే ఇస్తే జనం సైట్‌కి వస్తారు, వస్తే కామెంట్ పెడతారు అంటారు. నా లెక్క వేరే. బస్సులో నిలబడి, ఒక చేత్తో రాడ్ పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్ చూస్తున్నవాడు "మిగతాది" నొక్కడు, కింద ఉన్న తర్వాతి పోస్ట్‌కి వెళ్లిపోతాడు. పూర్తిగా చదివినవాడికే ఏదో ఒకటి అనాలనిపిస్తుంది. సగం చదివినవాడికి ఏమనాలనిపిస్తుంది? కాబట్టి మొత్తం ఇవ్వండి. యాడ్స్ మీద బతికే పెద్ద సైట్ల బాధ వేరు, మనకి ఆ బాధ లేదు.

సరే, తలుపు పెట్టాం. లోపలికి రమ్మని ఎలా అడుగుతాం?

"ఈ పోస్ట్ మీకెలా అనిపించిందో కామెంట్ చేయండి." ఇది ప్రశ్న కాదు. పెళ్లి భోజనం దగ్గర "అన్నీ అందాయా?" అన్నట్టు ఉంటుంది. తల ఊపి వెళ్లిపోతాం. దీనికి వచ్చే జవాబు "సూపర్ అన్నా" ఒక్కటే. మా వాడి పోస్ట్‌కి ఏం ప్రశ్న పెట్టాలి? "వెంకోజీపాలెం నుంచి సీతమ్మధార మధ్యలో ఆడవాళ్లు టాయిలెట్‌కి ఎక్కడ ఆగారు?" ఈ ప్రశ్న చూడగానే నడిచిన మనిషికి "ఇది నాకు తెలుసు" అనిపిస్తుంది. రాసినవాడికి తెలియదని కూడా అర్థమవుతుంది. జవాబు ఒక్క లైన్ చాలు. రచయిత కానక్కర్లేదు, భాష మీద పట్టు అక్కర్లేదు.

ఆ ప్రశ్నని చివర్లో దాచకండి. కొన్ని యాప్‌లలో, ఈమెయిల్ లిస్టులో, షేర్ చేసిన లింక్ కింద మొదటి రెండు మూడు లైన్లే కనిపిస్తాయి. మనం ఏమో పోస్ట్ అంతా అయ్యాక, హ్యాష్‌ట్యాగ్‌ల పైన ప్రశ్న పెడతాం. మొదటి పేరాలోనే అడిగేయండి, చివర్లో ఇంకోసారి గుర్తుచేయండి. పైన అడిగితే ఇంకో లాభం ఉంది, చదివేవాడు జవాబు వెతుక్కుంటూ చదువుతాడు.

తర్వాత, జవాబు ఇచ్చే దారి. సైన్ ఇన్ అవ్వండి, పాస్‌వర్డ్ పెట్టండి, బొమ్మల్లో ట్రాఫిక్ లైట్లు గుర్తుపట్టండి అంటే ఒక్క లైన్ చెప్పాలనుకున్నవాడు ఎందుకు ఆగుతాడు? ఫోన్‌లో మనవాళ్లకి బాగా అలవాటైన దారి వాట్సాప్. క్లిక్ టు చాట్ లింక్ పెడితే, నొక్కగానే చాట్ తెరుచుకుంటుంది, పోస్ట్ పేరు ముందే టైప్ చేసి ఉండేలా కూడా సెట్ చేయొచ్చు. వాయిస్ నోట్ పంపినా తీసుకోండి. కానీ మీ సొంత నంబర్ పెట్టకండి, ముఖ్యంగా అమ్మాయిలు. వేరే సిమ్ పెట్టుకోండి, లేదా ఈమెయిల్ ఇవ్వండి. పోస్ట్‌ని ఈమెయిల్‌గా పంపేవాళ్లయితే "నో రిప్లై" అడ్రస్ నుంచి అస్సలు పంపకండి. రిప్లై నొక్కితే మీకు చేరాలి. "చాలా బాగుంది" అని ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసినా వెక్కిరించకండి, "తెలుగులో రాయండి" అని క్లాసు పీకకండి. వాళ్లకి ఆ కీబోర్డ్ అలవాటు, అంతే కదా.

ఇదంతా సులభం చేస్తే కామెంట్లు వచ్చేస్తాయా? ఇక్కడే మన తెలుగు వాళ్ల కథ ఒకటి చెప్పాలి. మీలో చాలామంది అప్పటికి స్కూల్లో ఉండి ఉంటారు, నేను కూడా.

2006 ప్రాంతంలో నెట్‌లో తెలుగు రాయడమే పెద్ద పని. వీవెన్ గారు లేఖిని అని ఒక పేజీ తయారుచేశారు. ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే తెలుగు అక్షరాలు వస్తాయి. ఆయనే కూడలి కూడా పెట్టారు. తెలుగు బ్లాగుల ఫీడ్‌లన్నీ తీసుకుని, కొత్త పోస్టులు ఒకే చోట చూపించేది. తర్వాత జల్లెడ, హారం, మాలిక లాంటివి వచ్చాయి. అప్పుడు ఒక కామెంట్ పెట్టాలంటే ఎంత పనో ఊహించండి. కూడలిలో పేరు చూసి, బ్లాగు తెరిచి, చదివి, ఇంకో ట్యాబ్‌లో లేఖిని తెరిచి, టైప్ చేసి, కాపీ చేసి, ఇక్కడికొచ్చి పేస్ట్ చేసి, వంకర అక్షరాల పరీక్ష పాసై, అప్పుడు పబ్లిష్. అయినా జనం రాశారు. ఒక్కోసారి పోస్ట్ కంటే పెద్ద కామెంట్లు.

మరి దారి సులభంగా ఉండటమే కారణమైతే అప్పుడు ఒక్కటి కూడా రాకూడదు కదా? నాకు అర్థమైంది ఇది. బ్లాగుల్లో కామెంట్లకి కూడా సొంత ఫీడ్ ఉంటుంది. వర్డ్‌ప్రెస్‌లో సైట్ అడ్రస్ చివర స్లాష్ కామెంట్స్ స్లాష్ ఫీడ్ కొట్టండి, వస్తుంది. బ్లాగర్‌లో స్లాష్ ఫీడ్స్ స్లాష్ కామెంట్స్ స్లాష్ డిఫాల్ట్. మాలికలో ఆ ఫీడ్‌లన్నీ కలిపి కొత్త వ్యాఖ్యలకి ప్రత్యేకంగా ఒక పేజీయే ఉండేది. నువ్వు రాసిన రెండు లైన్లు, నీ పేరుతో, అక్కడ అందరికీ కనిపిస్తాయి. పోస్ట్ రాసినవాడిదీ నీదీ పక్కపక్కనే. ఎవరో నీ మాటకి జవాబిస్తారు, అదీ కనిపిస్తుంది. నా మాట కూడా ఫీడ్‌లో ఉందని తెలిస్తే మనిషి కష్టపడతాడు.

ఇది నెట్‌తో పుట్టిన తెలివి కూడా కాదు. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ గారి ప్రమదావనం 1952లో మొదలై దశాబ్దాల పాటు నడిచింది. పాఠకులు ప్రశ్న రాసి పోస్ట్ డబ్బాలో వేసి, జవాబు కోసం వారాల తరబడి పత్రిక తిరగేసేవాళ్లు. ఆ శీర్షిక నడిచిందే పాఠకుల ఉత్తరాల మీద.

దీని రెండో వైపు కూడా చెప్పాలి. కామెంట్లకి అంత వెలుగు పడితే గొడవలకి కూడా పడుతుంది. ఆ రోజుల్లో "అజ్ఞాత" అనే పేరుతో వచ్చి కెలికినవాళ్లు, ఆడవాళ్లని ఏడిపించినవాళ్లు ఉన్నారు. విసిగిపోయి కామెంట్ బాక్స్ మూసేసినవాళ్లూ ఉన్నారు. కాబట్టి చూశాకే పబ్లిష్ చేయండి. నేనైతే పేరు లేకపోయినా ఒప్పుకుంటాను, బూతు ఉంటే పేరున్నా ఒప్పుకోను. మా పంచగ్రామాల భూముల సమస్య లాంటిది రాస్తే, సొంత పేరుతో నిజం చెప్పడానికి భయపడేవాళ్లు ఉంటారు. వాళ్లకి అజ్ఞాతమే దారి.

ఇంకో రకం కూడా ఉంది, "లింక్ కావాలంటే యస్ అని కామెంట్ చేయండి" టైపు. అలాంటి పోస్టుల్ని కిందకి తోస్తామని ఫేస్‌బుక్ 2017 డిసెంబర్‌లోనే ప్రకటించింది. అది వదిలేయండి, ఐదొందల "యస్"లు చదివితే మీకేం తెలుస్తుంది?

గూగుల్ రీడర్ అని ఒక యాప్ ఉండేది, 2005లో వచ్చి 2013 జులై 1న మూతపడింది. అందులో కొన్నేళ్లు ఫ్రెండ్స్ పోస్టులు షేర్ చేసుకుని, దాని కిందే కామెంట్లు పెట్టుకునేవాళ్లు. బాగుండేది, కానీ ఆ మాటలు రాసినవాడి బ్లాగుకి చేరేవి కావు. మా వాడికి గోపాలపట్నం గ్రూప్‌లో జరిగింది అచ్చం అదే. మాట బయట ఎక్కడో జరిగిపోతుంది. దాన్ని ఆపలేం, ఆపక్కర్లేదు. అడిగి వెనక్కి తెచ్చుకోవచ్చు.

వాడు అదే చేశాడు. అక్క ద్వారా ఆ గ్రూప్ వాళ్లని అడిగి, ఒప్పుకున్నవాళ్ల మాటలు, పేర్లు లేకుండా, కొత్త పోస్ట్‌గా పెట్టాడు. కామెంట్ బాక్స్‌లో కాదు, పోస్ట్‌గానే, అంటే ఫీడ్‌లోకి వెళ్లేలా. పైన ఒక లైన్: "ఇవన్నీ మీరు చెప్పినవే, ఇందులో తప్పుంటే చెప్పండి." మూడో రోజు కంచరపాలెం నుంచి ఒకావిడ వాయిస్ నోట్ పంపింది. "ఏటి బాబూ, ఆ సందులో ఇప్పుడు గేటు ఏసేసారు, ఆడోళ్లని అటు పంపకండి." వాడు పోస్ట్ దిద్దాడు, ఎవరు చెప్తే దిద్దాడో కింద రాశాడు. ఆ తర్వాత ఇంకో నలుగురు రాశారు. నలుగురే. కానీ నలుగురూ నడిచినవాళ్లు.

చిన్న విషయంలా ఉంది కదా? 2020 మే 7 తెల్లవారుజాము గుర్తుందా, మా పక్కనే ఆర్.ఆర్. వెంకటాపురంలో గ్యాస్ లీకైన రోజు. ఫోన్‌లో ఫార్వర్డ్‌లు వస్తూనే ఉన్నాయి. ఎటు పరిగెత్తాలి, తలుపులు వేసుకోవాలా, బయటకి రావాలా, ఒకదానికొకటి పొంతన లేదు. ఏది ఎవరు రాశారో తెలియదు, "ఇది నిజమేనా" అని రాసినవాడినే అడిగే దారి లేదు. ఊరి గురించి రాసేవాళ్లు, జవాబు చెప్పే దారి మామూలు రోజుల్లోనే తెరిచి ఉంచాలని నేననేది అందుకే. అవసరం పడిన రాత్రి కొత్తగా తెరవలేం.

సెట్టింగ్స్ ఎక్కడున్నాయో స్క్రీన్ మీద చూపిస్తూ ఇంకో చిన్న వీడియో చేస్తాను. ఈలోపు మీ ఫీడ్‌ని ఏదైనా రీడర్ యాప్‌లో మీరే ఒకసారి తెరిచి, సైట్‌కి వెళ్లకుండా జవాబు పెట్టడానికి ట్రై చేయండి.

ఇప్పుడు నా ప్రశ్న, ఈ పేజీ పైన కూడా రాశాను. పోయిన ప్రదక్షిణలో హనుమంతవాక నుంచి వెంకోజీపాలెం మధ్య రాత్రి పది దాటాక మంచినీళ్లు ఎక్కడ దొరికాయి? నడిచినవాళ్లు చెప్పండి. వాయిస్ నోట్ అయినా పర్లేదు. వచ్చిన జవాబులు గురువారం ఇక్కడే పెడతాను.