పాత కారు, ఎండాకాలం దారి

ఇంటిముందు పాత చిన్న కారు ఉన్నవాళ్ళతో ఈ పూట నాలుగు మాటలు చెప్పుకోవాలని ఉంది. నేను మెకానిక్కును కాను. బడిలో మరాఠీలో పాఠం చెప్పి, ఇంటికి వచ్చాక తెలుగులో మాట్లాడుకునే సిరొంచ మాస్టారిని. 1999 నాటి మారుతీ 800 ఒకటి ఇంకా నా దగ్గర ఉంది. నేను చెప్పేదంతా అది నేర్పిన చదువే.

ఈ బండి మన దేశంలో 1983 డిసెంబరులో రోడ్డెక్కింది. 2014 జనవరిలో తయారీ ఆగిపోయింది. అయినా అంకీసా వైపో, అసరల్లి వైపో వెళ్తే చెట్టునీడన ఒకటైనా కనబడుతుంది. 796 సీసీల ఇంజను, మూడు సిలిండర్లు, బానెట్ ఎత్తితే ఏది ఎక్కడుందో కంటికి ఆనుతుంది. ఇంజను గట్టిదే. దారిలో మనల్ని నిలబెట్టేవి దాని చుట్టూ ఉన్న రబ్బరు గొట్టాలు, తీగలు, నీళ్ళు. వాటి వయసును మనం కిలోమీటర్లలో లెక్కపెడతాం. ఏడాదికి రెండువేలు కూడా తిరగలేదు కదా, అప్పుడే మార్చడమేమిటి అంటాం. బండి తిరిగినా తిరగకపోయినా రబ్బరు ముసలిదవుతూనే ఉంటుంది. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఊళ్ళో ఇంకా తొందరగా అవుతుంది.

ఇది నాకు పుస్తకంలో తెలియలేదు. ఒక మే నెల మధ్యాహ్నం మా పక్కింటి పిల్లవాడికి జ్వరం తగ్గక, తండ్రితోపాటు కారులో కూర్చోబెట్టుకుని అహేరి బయలుదేరాను. ఆలాపల్లి దారి ఎలాంటిదో మీకు తెలుసు. గుంతలు, చుట్టూ అడవి, ఫోను అందని చోట్లు. జిమలగట్టా దాటాక ఉష్ణోగ్రత ముల్లు పైకి లేచింది. చూశాను. చూసి కూడా, ముందు ఊరిదాకా పోదాంలే అని రెండు కిలోమీటర్లు నడిపాను. రేడియేటరు పై గొట్టం పగిలి నీళ్ళన్నీ అప్పటికే పోయాయి. వెనకాల వచ్చిన జీపువాళ్ళు పిల్లవాణ్ణి ఎక్కించుకున్నారు. వాడు బాగయ్యాడు. నేను మాత్రం సాయంత్రం దాకా ఆ రోడ్డు పక్కనే కూర్చున్నాను.

బండిని లాక్కొచ్చాక మిస్త్రీ గొట్టం చేతిలోకి తీసుకుని చూసి, "సారూ, ఇది ఇయ్యాల పల్గలేదు. పోయినేడాదే ఉబ్బింది, మీరు చూడలే" అన్నాడు. నిజమే. మూడువందల రూపాయల గొట్టం. నేను నడిపిన ఆ రెండు కిలోమీటర్లకు అల్యూమినియం హెడ్డు వంగింది, గాస్కెట్ పోయింది, ఖర్చు వేలల్లోకి వెళ్ళింది.

కాబట్టి ముల్లు ఎర్ర గీతవైపు కదిలితే ఏసీ ఆపండి. హీటరు ఉంటే పూర్తిగా తిప్పండి. కూర్చున్నవాళ్ళకు ఉడుకు తప్పదు గాని, ఇంజనులోని వేడి కొంత బయటకు వస్తుంది. అయినా దిగకపోతే ఆ క్షణమే ఆపేయండి. వేడిగా ఉండగా రేడియేటరు మూత తెరవకండి, ముఖం కాలుతుంది. కాలిన ఇంజనులో చన్నీళ్ళు కుమ్మరించకండి. ఇంటికి వచ్చాక ఆయిల్ పుల్ల తీసి చూడండి. ఆయిలు పాలు కలిపిన టీ రంగులో ఉన్నా, వెనక గొట్టంలోంచి తెల్లపొగ ఆగకుండా వస్తున్నా గాస్కెట్ సంగతి చూపించాలి.

మన వైపు ఒక అలవాటుంది. బండి వేడెక్కుతోందనగానే థర్మోస్టాట్ పీకి పారేస్తారు. నాకది నచ్చదు. ఇంజను తగినంత వేడెక్కక పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అసలు జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. చాలాసార్లు ఆ జబ్బు తిరగని ఫ్యానుదో, దాని స్విచ్చుదో అయి ఉంటుంది. ఇంజను బాగా వేడెక్కాక ఫ్యాను తిరుగుతోందా లేదా చూడటానికి చదువు అక్కర్లేదు.

ఇక పెట్రోలు. కార్బురేటరు బండ్లకు ఇప్పుడో కొత్త చిక్కు. 2025 నాటికి బంకు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. అది తేమను పీల్చుకుంటుంది, పాతకాలపు రబ్బరును మెత్తబరుస్తుంది. బండిని నెలల తరబడి కదపకుండా ఉంచితే కార్బురేటరులో సన్నని జెట్లు మూసుకుపోతాయి. వారానికోసారైనా నడపండి, పెట్రోలు గొట్టాలు మార్పించండి. దారిలో సీసాల్లో అమ్మే పెట్రోలు పోయించుకోక తప్పకపోతే గుడ్డతో వడకట్టించుకోండి, ఆనక ఫిల్టరు మార్చండి. ఎండలో ఆపిన బండి మళ్ళీ స్టార్టు కాకపోతే కంగారుపడకండి. పంపు దగ్గర పెట్రోలు ఆవిరైపోయి ఉండవచ్చు. పంపు మీద తడిగుడ్డ వేసి పావుగంట ఆగితే సాధారణంగా లేస్తుంది.

వానాకాలంలో గొడవ వేరు. డిస్ట్రిబ్యూటరు మూతలో తేమ చేరితే బండి దగ్గుతుంది. మూత తీసి పొడిగుడ్డతో తుడిస్తే చాలు. ముందు చక్రాల దగ్గర ఇరుసుకు తొడిగిన రబ్బరు తొడుగులు చిరిగితే మన ప్రాణహిత ఇసుక లోపలికి పోతుంది. మలుపు తిప్పినప్పుడు టకటకమని చప్పుడొస్తే అప్పటికే ఆలస్యమైందన్నమాట. టైమింగ్ బెల్టు ముందుగా ఏమీ చెప్పదు, తెగితే నిలబడిపోవడమే. సెకండుహ్యాండులో కొన్నవాళ్ళు, అది ఎప్పుడు మార్చారో తెలియకపోతే, ముందు దాన్నే మార్పించండి. వరికోతలయ్యాక ఎలుకల సంగతి చెప్పనక్కర్లేదు. మా బండిలో అవి ఒక ఏడాది హెడ్‌లైటు తీగలు కొరికేశాయి.

ఇప్పుడు నా డిక్కీలో ఒక క్లచ్ కేబులు, ఫ్యాను బెల్టు, పై గొట్టం ఒకటి, రెండు క్లిప్పులు, అయిదు లీటర్ల నీళ్ళ డబ్బా ఉంటాయి. మా ఆవిడకు సామాను పెట్టుకోవడానికి చోటు మిగలదని కోపం. మీరు అంత మోయకపోయినా, రేపు పొద్దున ఇంజను చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి ఆ పై గొట్టాన్ని వేళ్ళతో నొక్కి చూడండి. పెళుసుగా కరకరమన్నా, క్లిప్పు దగ్గర ఉబ్బినట్టున్నా ఆలాపల్లి వైపు బయలుదేరకండి, ముందు దాన్ని మార్పించండి.